అధికారము నిక్షేపము
(దుగ్గిరాలలో చదువబడిన ధర్మోపన్యాసము)



రాజ్యములు ఎట్లు వచ్చును, ఎట్లు పోవును అను ప్రశ్న చరిత్రకారులకు మాత్రమే చెందినదని మనము సామాన్యముగా తలంచుచుందుము. పాఠశాలలో రాజుల పేర్లను, యుద్ధముల సంవత్సరములను వల్లించి, పరీక్ష ముగిసినంతనే మరచిపోవుట మనకు అలవాటు. కాని యీ ప్రశ్న ధర్మమునకు సంబంధించినదని మా యభిప్రాయము. ఒక మనుష్యునకు వేయిమంది మనుష్యులను ఆజ్ఞాపించు హక్కు ఎక్కడినుండి వచ్చినది? ఆ హక్కు ఎప్పుడు పోవును? పోయినప్పుడు తిరిగి ఎవరికి చెందును? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము నెరుగనివాడు మంచి ప్రభువు కాజాలడు. మంచి ప్రజయు కాజాలడు.

దీనికై మనము రోమునకో గ్రీసునకో పోనక్కర లేదు. దుగ్గిరాలకు దక్షిణమున భట్టిప్రోలు, చందవోలు ఉన్నవి. సముద్రపుటొడ్డున నిజాంపట్నము, మోటుపల్లి ఉన్నవి. పడమట కొండవీటి కొండలున్నవి. రెండుమూడు దినముల బండి ప్రయాణమునకు మించని యీ మేరలో ఇరువదిరెండు శతాబ్దములకు పైబడి ఎందరో ప్రభువులు వచ్చిరి, పోయిరి. భూమి అదియే, కృష్ణ అదియే, దున్నువాడును వాడే. పైనున్నవారే మారుచు వచ్చిరి. ఏల మారిరి?

మేము న్యాయవాద వృత్తిలో నున్నవారము. కావున మాకు తెలిసిన భాషలోనే యీ విషయమును చెప్పుటకు అనుజ్ఞ వేడుచున్నాము. మనుస్మృతి వ్యవహారపదములను పదునెనిమిదిగా విభజించినది. వానిలో నిక్షేపము ఒకటి. ఒకడు తన సొమ్మును నమ్మకముతో మరియొకనివద్ద దాచుటయే నిక్షేపము. దాచుకొన్నవానికి మూడు విధులు కలవు. ఆ సొమ్మును తన సొమ్ముతో కలుపుకొనరాదు. అడిగినప్పుడు లెక్క చెప్పవలెను. గడువు తీరగనే తిరిగి యీయవలెను. ఈ మూటిలో దేనిని తప్పినను వానిని దాచినవాడనక దొంగయందురు. రాజ్యాధికారము ఇట్టి నిక్షేపమే యని మేము విశ్వసించుచున్నాము. సర్వేశ్వరుడు మనుష్యులనందరిని సమానముగా సృజించెను. ఒకనికి మరియొకనిపై పుట్టుకతో ఆధిపత్యము నీయలేదు. జనులు తమ రక్షణకై, నీటికై, న్యాయమునకై తమ శక్తిలో కొంత భాగమును ఒకనివద్ద దాచిరి. అదియే రాజ్యము. దానిని కాపాడినంతకాలము వాడు ప్రభువు. మ్రింగిన దినమునుండి వాడు ప్రతివాది.

మొదట భట్టిప్రోలును చూతము. అచ్చటి స్తూపమును 1892లో అలెగ్జాండరు రే యను పురాతత్త్వాధికారి త్రవ్వించినప్పుడు ధాతుకరండములు బయల్పడెను. వానిపై చెక్కిన అక్షరములు మన దేశపు అతిప్రాచీన లేఖనములలోనివి. అందు కుబీరకుడను రాజు పేరు కన్పట్టుచున్నది. ఆ రాజు ఎన్ని యుద్ధములు గెలిచెనో, ఆతని కోట ఎచ్చట నుండెనో మనకు తెలియదు. ఆతని పేరు మాత్రము ఒక గోష్ఠితో, అనగా పదిమంది కూడిన సంఘముతో జతపడి మనవరకు వచ్చినది. ఈ ప్రాంతమున మనమెరిగిన ప్రాచీనరాజులలో నొకడు పదుగురితో గూడి యిచ్చిన దానమువలననే నేడు జ్ఞాపకముండుట తలంపదగిన విషయము.

తరువాత మోటుపల్లికి పోదము. చందవోలు రాజధానిగా ఈ వెలనాటిని పాలించిన చోడప్రభువులు క్షీణించిన పిమ్మట, పదుమూడవ శతాబ్దారంభమున కాకతి గణపతిదేవుడు తీరమును స్వాధీనము చేసికొనెను. కత్తితో గెలిచిన భూమి యది. కాని యా రాజు 1244వ సంవత్సరప్రాంతమున మోటుపల్లిలో ఒక శిలాశాసనమును వేయించెను. దానిని అభయశాసనమందురు. ఆ కాలమున తుపానులో చెడి యొడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకునెల్ల రాజులు బలాత్కారముగా అపహరించెడివారు. అది రాచహక్కుగా చెలామణియగుచుండెను. గణపతిదేవుడు ఆ హక్కును విడిచెను. నియమితమైన సుంకము తప్ప మరేమియు గొనబోమని, సముద్రమునకు ప్రాణములొడ్డి వచ్చు వర్తకులకు ధనము ప్రాణమువంటిదని ఎరిగి, రాతిపై వ్రాయించి మాట యిచ్చెను. ఈ మాటవలన బొక్కసమునకు నష్టము వచ్చెనా? రాలేదు. మోటుపల్లికి దేశదేశముల ఓడలు వచ్చెను. ఆ శతాబ్దాంతమున వెనీసు నగరపు యాత్రికుడు మార్కోపోలో ఈ రేవును, ఇచ్చటి న్యాయశీలయగు రాణిని ప్రశంసించి వ్రాసెను. నూరేండ్లు దాటిన తరువాత, 1358లో, కొండవీటి అనవోతారెడ్డి మరల ఆ మోటుపల్లిలోనే వర్తకులకు అభయమిచ్చుచు శాసనము వేయించెను. వంశము మారినది, గద్దె మారినది. కాని రాజు ఎంతవరకు తీసికొనవచ్చునో, ఎచ్చట ఆగవలెనో చెప్పిన మాట మారలేదు.

చూచితిరా! అధికారమును విస్తరించినది పట్టుకొన్న చేయి కాదు, విడిచిన చేయి. తన సొమ్మేదో పరుల సొమ్మేదో గుర్తెరిగి, నడుమ గీత గీచికొన్న ప్రభువును జనులు నమ్మిరి. నిక్షేపధర్మములోని మొదటి విధి యిదియే.

అదే కొండవీడు ఈ విధిని తప్పినప్పుడేమైనది? రెడ్డిరాజ్యమును 1325లో అద్దంకియందు స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి ఎట్టి కాలమున గద్దె నెక్కెనో తలంచుడు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనలకు లోబడియుండెను. దేవాలయములు, అగ్రహారములు, గ్రామములు అనాథలైయుండెను. ఆ భారమును తలకెత్తుకొన్నవాడు కావుననే జనులు ఆతనిని ప్రభువనిరి. వంద సంవత్సరములైనను నిండకముందే ఆ గద్దెపై రాచవేమారెడ్డి కూర్చుండెను. కొండవీటి దండకవిలెలు, స్థలపురాణములు ఆతనినిగూర్చి చెప్పు వృత్తాంతము మన జిల్లాలో పెద్దలకు తెలిసినదే. ఆతడు పురిటిసుంకమను పన్ను విధించెనట. బిడ్డ పుట్టిన ఇల్లు రాజునకు డబ్బు కట్టవలెను. సవరము ఎల్లయ యను బంటు దానిని సహింపజాలక రాజును పొడిచి చంపెనని కైఫీయతు. 1424తో కొండవీటి రెడ్డిరాజ్యము ముగిసెను.

ఆ కథలోని ప్రతి యక్షరమును మేము ప్రమాణముగా నిలువబెట్టుట లేదు. కాని జనులు అయిదారు తరములు దాటినను ఏ రాజు కథను ఏ విధముగా చెప్పుకొనిరో, అది సాక్ష్యమే. మోటుపల్లి శాసనము సముద్రములో చావు తప్పించుకొన్నవానిని దోచననెను. పురిటిసుంకము అప్పుడే పుట్టినవానిని సైతము దోచెను. ఒకటి అధికారమునకు ఎల్ల, రెండవది ఎల్ల లేకపోవుట. ఎల్ల చెరిపిన దినమున కొండమీది కోట గోడలు ఎంత యెత్తైనవైనను ఫలము లేకపోయెను. రాజును చంపినది పరరాజు కాదు, ఇంటి బంటు.

ఇచ్చట ఒక యాక్షేపము వచ్చును. దానిని తప్పించుకొని పోవుట మాకిష్టము లేదు. 'అయ్యా! మీరు చెప్పినది వినుటకింపుగా నున్నది. కాని లోకములో గెలుచునది బలము. ప్రతాపరుద్రుడు చేసిన పాపమేమి? ఓరుగల్లు ఏల పడినది? దుర్మార్గులు నిండు నూరేండ్లు ఏలుట లేదా?' అని మీలో కొందరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. ఓడినవాడెల్ల పాపి, గెలిచినవాడెల్ల పుణ్యాత్ముడు అను సిద్ధాంతమును మేము ఒప్పుకొనము. అట్లు తలంచుట దైవమును గెలిచినవాని బంటుగా చేయుటయే యగును. కత్తి కోటను పట్టగలదు. వంచన తలుపు తెరువగలదు. 1687లో గోలకొండ ద్వారము లంచము తిన్న సేనాని చేతనే తెరువబడెను. ఇవి నిజములు.

కాని పట్టుట వేరు, నిలుపుకొనుట వేరు. ఢిల్లీ సుల్తాను 1323లో ఓరుగల్లును పట్టెను; పదునైదు సంవత్సరములు నిండకమునుపే తెలుగుదేశము ఆతని చేతినుండి జారిపోయెను. కోటను కత్తి పట్టును. కాని మరుసటి ఏటి శిస్తును కత్తి వసూలు చేయజాలదు. దానికి పొలమెవరిదో తెలిసిన కరణము కావలెను. చాటింపు వేయు తలారి కావలెను. దున్ను రైతు కావలెను. మధ్యనున్న యీ చేతులన్నియు మౌనముగా పనిచేసిననే పైనున్నవాడు ప్రభువు. అందుచేత దుష్ప్రభుత్వము నూరేండ్లు నిలిచినదనగా, దాని పాపములో నూరేండ్లపాటు మన చేతులును పాల్గొన్నవని యర్థము. ఈ మాట చేదైనది. అయినను చదువుకొన్నవారమగు మనము దీనిని మ్రింగకతప్పదు. ఏలయనగా ఏ దొరతనము వచ్చినను మొదట వెదకి కొలువిచ్చినది చదువుకొన్నవానికే.

ఇక ఆంగ్లేయుల సంగతి. వారు 1611లో గ్లోబు అను ఓడలో నిజాంపట్నపు రేవునకు వర్తకులుగా వచ్చిరి. 1788లో గుంటూరు సర్కారునకు ప్రభువులైరి. గుంటూరు అంతకుముందు బసాలత్ జంగు జీవితకాలపు జాగీరుగా నుండెను. 1782లో ఆతడు మరణించిన పిమ్మట నిజామునుండి కంపెనీకి వచ్చినది. ఇచ్చట పెద్ద యుద్ధము జరుగలేదు. కాగితములు చేతులు మారెను, దానితో జనులును చేతులు మారిరి. దాచినవారిని ఎవరును అడుగలేదు.

కంపెనీ కాలమున ఈ సీమలోని జమీందారులు ఏమి చేసిరి? వారిలో కీర్తిగాంచిన వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు 1816లో మరణించిరి. ఆయనకు దత్తపుత్రులిద్దరు. ఆ యిద్దరి నడుమ బుట్టిన దాయాద వ్యాజ్యము ముప్పదియేండ్లు సాగి, సముద్రము దాటి లండనులోని ప్రీవీ కౌన్సిలునకు పోయెను. 1846లో వెలువడిన ఆ తీర్పును హిందూ దత్తతధర్మము చదువు వకీళ్లు నేటికిని ఉదాహరింతురు. మొదటి దత్తపుత్రుడు జీవించియుండగా రెండవ దత్తత చెల్లదని అందు నిర్ణయింపబడెను. వకీళ్లకు ధర్మసూక్ష్మము దక్కినది, వాదులకు దక్కినదేమి? అప్పటికే జమీ బకాయిలలో మునిగి దొరతనపు నిర్వహణలోనికి పోయియుండెను. అన్నదమ్ములు 'ఇది నాది', 'కాదు, నాది' అని వాదించుకొన్న ఆ ముప్పదియేండ్లలో, ఆ భూమిలో నివసించు జనుల సంగతి ఏ వాదపత్రములోను విషయము కాలేదు.

ఆ ముప్పదియేండ్ల నడుమనే 1832–33 సంవత్సరముల నందన కరువు వచ్చినది. డొక్కల కరువని మన పెద్దలు చెప్పుకొన్నది అదియే. గుంటూరు జిల్లాలోని సుమారు 5 లక్షల జనములో లక్షన్నరకు తక్కువకాకుండ నశించిరని ఆనాటి అంచనా. కృష్ణ అప్పుడును పారుచునేయుండెను. నిండుగా పారి సముద్రములో కలియుచుండెను. పన్ను తీసికొనుటకు మూడంతస్తుల ప్రభువులుండిరి. నీటిని పొలమునకు మళ్లించుటకు ఒక్కడును లేడు. నిక్షేపమును కాపాడవలసినవారు ఇద్దరును, జమీందారును కంపెనీయును, అప్పుడే దోషులైరి.

ఇరువదియేండ్ల తరువాత కంపెనీకి తెలివి వచ్చినది. ఆర్థరు కాటన్ దొర పట్టుదలచేత, కాప్టెన్ ఆర్ పర్యవేక్షణమున 1852 మొదలు 1855 వరకు బెజవాడయొద్ద ఆనకట్ట కట్టబడెను. ఆ నీరే యీ దుగ్గిరాల లాకులకు వచ్చినది. మన తెనాలి, రేపల్లె, బాపట్ల పొలములను మాగాణులుగా మార్చినది ఆ నీరే. ఈ యుపకారమును మేము తక్కువచేసి చెప్పము. చేసిన మేలును ఒప్పుకొననివాడు చేసిన కీడును ఎత్తిచూపుటకు అర్హుడు కాడు. అయినను ఆనకట్ట ముగిసిన మూడేండ్లకే, 1858లో, కంపెనీ రాజ్యము అంతరించి విక్టోరియా రాణి వశమయ్యెను. 1947లో ఆ రాణి వంశీయుల రాజ్యమును పోయెను. నీరిచ్చినను రాజ్యమేల నిలువలేదు?

నిక్షేపమునకు రెండవ విధి కలదు. లెక్క చెప్పవలెను. ఆంగ్లేయ ప్రభువులు లెక్క వ్రాయుటలో మహాసమర్థులు. వారు వ్రాసినన్ని లెక్కలు ఏ రాజును వ్రాయలేదు. కాని ఆ లెక్కను చూపినది లండను పార్లమెంటునకు, దున్నినవానికి కాదు. ఆంగ్లేయులకు ఈ ధర్మము తెలియనిది కాదు. పార్లమెంటు సమ్మతి లేకుండ ఓడసుంకము వసూలు చేసిన తమ రాజు మొదటి చార్లెసును వారే ప్రతిఘటించిరి. 1649లో ఆ రాజు శిరచ్ఛేదము పొందెను. ప్రాతినిధ్యము లేని పన్నును సహింపమని అమెరికాలోని వారి సంతతివారే 1776లో స్వాతంత్ర్యము ప్రకటించిరి. తమ యింట ధర్మమైనది పరుల యింట అధర్మమెట్లగును? ఈ ప్రశ్నకు వారివద్ద సమాధానము లేకపోయెను.

ఆ ప్రశ్నను వారి యెదుట నిలిపినవారిలో మన ప్రాంతమువారు ముందుండిరి. చీరాల పేరాల గ్రామములను జనుల యిష్టమునకు విరుద్ధముగా పురపాలక సంఘముగా చేసి పన్నులు పెంచగా, 1921లో ఈ గ్రామనామమే యింటిపేరుగా గల ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు జనులకు నాయకులైరి. వేలకొలది స్త్రీలు, పురుషులు, పిల్లలు తమ యిండ్లను విడిచి, ఊరి పొలిమేరలకావల రామనగరమను పేరుతో పాకలు వేసికొని, సుమారు పదునొకండు మాసములు ఎండకు వానకు ఓర్చి నివసించిరి. పురపాలక సంఘము పాలించుటకు ఇండ్లుండెను గాని జనులు లేకపోయిరి. పాలనయనగా గోడలపై అధికారము కాదని లోకమునకు అప్పుడు తెలిసినది.

ఆ యేటి చివరను, 1922 ఆరంభమునను, బాపట్ల తాలూకా పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున పన్నుల నిరాకరణోద్యమము నడచెను. దానిలో మమ్ము ఎక్కువగా ఆకర్షించిన యంశము ఒకటి కలదు. గ్రామోద్యోగులు తమ యుద్యోగములకు రాజీనామాలిచ్చిరి. తరతరములనుండి ఏ ప్రభువు వచ్చినను ఆతని చేతులుగా పనిచేసినవారు, వంశపారంపర్యమైన హోదాను, జీతమును, గౌరవమును ఒక్క కాగితముపై వ్రాసి యిచ్చివేసిరి. శిస్తు స్తంభించెను. సైన్యము వచ్చెను, జప్తులు జరిగెను. ఫిబ్రవరి మాసమున, చౌరీచౌరాలో జరిగిన హింసవలన మహాత్ముడు ఉద్యమము నాపివేయగా, ఇచ్చటను పన్నులు కట్టిరి. చీరాల జనులును ఇండ్లకు తిరిగి వచ్చిరి. పైకి చూచినచో రెండును ఓడినవే.

ఓడినవే యనుకొందము. కాని నిక్షేపము దాచినవాడు మొదటిసారి వాకిట నిలిచి 'నా సొమ్మేది?' అని బిగ్గరగా అడిగిన దినమది. అడిగిన దినముననే సొమ్ము చేతికి రాదని వ్యాజ్యము నడపిన వారందరెరుగుదురు. కాని దావా దాఖలైన తరువాత ప్రతివాది నిద్ర మునుపటి నిద్ర కాదు. ఇరువదియైదేండ్లకు డిక్రీ వచ్చినది.

సోదరులారా! ఇంతవరకు చెప్పినది రాజులనుగూర్చి. ఇక మనలనుగూర్చి చెప్పవలసియున్నది. ఉపన్యాసము ఇచ్చటనే ముగిసినచో మీకును మాకును సుఖము. పరుల దోషములు విని సంతోషముగా ఇండ్లకు పోవచ్చును. కాని దానివలన ప్రయోజనమేమి?

1950 జనవరి 26వ తేదీన రాజ్యాంగము అమలులోనికి వచ్చెను. 1951–52లో వయస్సు వచ్చిన ప్రతి స్త్రీయు, ప్రతి పురుషుడును, చదువు లేకున్నను, భూమి లేకున్నను, ఓటు వేసిరి. నిక్షేపము దాచినవారికే తిరిగి వచ్చినది. ఇప్పుడు ఈ దేశమున రాజెవరని అడిగినచో వ్రేలు మనవైపే చూపవలెను. అయినచో రాజులను విచారించిన యీ న్యాయస్థానములోనే, ఈ ధర్మముతోనే, మనలను విచారించుకొనుట న్యాయము.

ఓటు నీ సొమ్మా? కాదు. అది నీయొద్ద నీ పొరుగువాడు, నీ బిడ్డ, ఇంకను పుట్టనివాడు దాచిన నిక్షేపము. దాచిన సొమ్మును అమ్ముటకు దాచుకొన్నవానికి హక్కు లేదు. అమ్మినచో ఆ విక్రయము చెల్లదు. కొన్నవానికి స్వామ్యము రాదు. అయినను ఎన్నికల ముందటి రాత్రి మన వీధులలో ఏమి జరుగునో చెప్పనక్కర లేదు. పేదవాడు నోటు పుచ్చుకొన్నాడని మనము వానిని నిందింతుము. ఆకలితో పుచ్చుకొన్నవాని దోషము కంటె, నిండిన కడుపుతో పంచిపెట్టినవాని దోషము, పంచుటకు మనుష్యులను ఏర్పాటు చేసిన పెద్దమనుష్యుని దోషము ఎక్కువ. ఆ పెద్దమనుష్యుడు తరచుగా మనలోనివాడే, చదువుకొన్నవాడే.

సర్పంచి పదవిని వేలము వేసి, ఎక్కువ పాడినవానికి 'ఏకగ్రీవము'గా ఇచ్చి, ఆ సొమ్ముతో గుడి కట్టుదమని పెద్దలు నిర్ణయించిన గ్రామములనుగూర్చి పత్రికలలో చదువుచుందుము. గుడికై చేసిన పని గావున పుణ్యమే యని సమాధానపడువారును కలరు. మేమొక్కటి అడుగుదుము. పొరుగువాని నిక్షేపమును అమ్మి దేవునికి దీపము పెట్టినచో, ఆ దీపము ఎవరి పుణ్యము? సర్వసాక్షి యగు దేవుడు తన యాలయమునకు దొంగసొమ్మును వేడునా? పురిటిసుంకము వేసిన రాజును మనము ఇన్ని శతాబ్దములు నిందించితిమి. పురిటిలో నున్న బిడ్డయొక్క రేపటి హక్కును నేడే వేలము వేయు మనకును ఆ రాజునకును భేదమేమి?

ఇక లెక్క చెప్పు విధి. ఆంధ్రప్రదేశమున 1984లో పాత గ్రామోద్యోగ పద్ధతి రద్దయ్యెను. కరణము, మునసబు పోయిరి. కాని పైవానికిని క్రిందివానికిని నడుమ నిలిచిన చేతులు పోలేదు. నేడా చేతులు గుత్తేదారుల రూపమున, సహకార సంఘపు అధ్యక్షుల రూపమున, వీధి పెద్దల రూపమున, వకీళ్ల రూపమున ఉన్నవి. గ్రామసభ యున్నది, దానికి మనము పోము. 2005లో సమాచార హక్కు చట్టము వచ్చినది. దానిని ఉపయోగించి లెక్క అడిగినవానిని 'పనిలేనివాడు' అని నవ్వుదుము. లెక్క అడుగనివాడు లెక్క చెప్పనివానికంటె తక్కువ దోషి కాడు.

చివరకు మన గడపలోనికి వత్తము. రాజ్యము ఢిల్లీలోను, అమరావతిలోను మాత్రమే లేదు. భార్యమీద భర్తకు, పాలేరుమీద ఆసామికి, కౌలుదారుమీద భూస్వామికి ఉన్నది కూడ రాజ్యమే. ఈ డెల్టాలో భూమి కలవారు పట్టణములలో నివసించుచు, పొలమును మాటపై కౌలుకిచ్చి, కాగితము వ్రాయుటకు వెనుదీయుట సామాన్యము. వరదకు పంట మునిగినప్పుడు పరిహారము పట్టాదారు పేరిట వచ్చును. అప్పు కౌలుదారు పేరిట మిగులును. ఆ పరిహారమును పుచ్చుకొని మౌనముగా నున్న పట్టాదారునకు, చెడిన ఓడ సరకును అపహరించిన మోటుపల్లి పూర్వరాజులకు తారతమ్యము ఏ ధర్మశాస్త్రము చూపగలదు? గణపతిదేవుడు ఒక్క శాసనముతో విడిచిన పాపమును మనము దస్తావేజుల చాటున దాచుకొనుచున్నాము. దీనిని విడిచుటకు రాజ్యాంగ సవరణ అక్కరలేదు. ఒక తెల్లకాగితము, ఒక సంతకము చాలును.

కావున మేము మిమ్ములను గొప్ప ప్రతిజ్ఞలు చేయుమని కోరము. మూడు పనులు చాలును. మీ యింటినుండి ఓటునకు సొమ్ము బయలుదేరకుండ, మీ యింటికి సొమ్ము రాకుండ చూచుకొనుడు. ఏడాదిలో ఒక్కసారియైనను మీ గ్రామసభలో నిలిచి ఒక్క ఖర్చునకైనను లెక్క అడుగుడు. మీరు ఏ సంఘమునకు ధర్మకర్తలో ఆ సంఘపు లెక్కను అడుగకమునుపే చదువుడు. మీ చేతిక్రింద నున్నవానికి చెందవలసిన కాగితమును ఈ పంట కోతకు ముందే వ్రాసి యిండు. రాజ్యములను నిలిపిన పనులు ఇంతకంటె పెద్దవి కావు. రాజ్యములను కూల్చిన తప్పులును ఇంతకంటె పెద్దవి కావు. చిన్న తప్పులే నూరు చేతులు కలిసి చేసినవి.

ఓ సర్వేశ్వరా! ఎవరి కోటయు లేని నీ యెదుట మే మందరము సమానులము. మాయొద్ద నీవు దాచినది మాది కాదని మాకు తెలియజేయుము. దానిని కాపాడు బలము నిమ్ము, లెక్క చెప్పు ధైర్యము నిమ్ము, అడిగిననాడు వణకని చేతితో తిరిగి యిచ్చు మనస్సు నిమ్ము.

ఓం శాంతిః శాంతిః శాంతిః.